రెండు తలుపుల కొట్టు

అడవిలో మ్యాపూ దిక్సూచీ పట్టుకుని దారి వెతుక్కోవడం ఒక ఎత్తు, బస్టాండు క్యాంటీన్లో పెద్దమ్మ ఎదురుగా కూర్చుని ఆ ఆటేమిటో చెప్పడం ఒక ఎత్తు. మొదటిది బొంగరానికి చిన్నప్పటి నుంచీ వచ్చు. రెండోదానికే తల ప్రాణం తోకకి వస్తోంది.

బొంగరం అన్నది పెద్దమ్మ పెట్టిన పేరే. ఒక్కచోట కుదురుగా నిలబడదని ఆవిడ అలా పిలిస్తే వీధంతా అందుకుంది, తర్వాత బడి అందుకుంది, ఇప్పుడు దేశం జట్టులో కూడా ఆ పేరే చెల్లుతోంది. తల్లి పోయాక ఆ పిల్లని పెంచింది పెద్దమ్మే. నదికి అవతల, పాతపేటలో, కుట్టుకొట్టు మీద ఉన్న గదిలో. పెద్దదై కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే పని దొరికాక బొంగరం నదికి ఇవతల ఒక గది తీసుకుంది. అయినా ఆదివారం వచ్చిందంటే వంతెన దాటి కొట్టుకి వెళ్ళాల్సిందే. గుండీలు కుట్టిపెట్టడం, కాజాలు చుట్టడం, పెద్దమ్మ చేత నాలుగు తిట్లు తిని తిరిగి రావడం. ఏళ్ళ తరబడి ఆదివారమంటే అదే.

ఆ ఆదివారాలకి గండి కొట్టింది ప్రపంచ పోటీ.

ఓరియెంటీరింగ్ ప్రపంచ పోటీలు తమ ఊళ్ళోనే జరుగుతాయని తెలిసిన రోజున బొంగరం దుకాణంలో అందరికీ టీ తెప్పించింది. ఆ టీ చల్లారకముందే జట్టు కోచ్ ఫోన్ చేశాడు. ఆయన్ని ఎదురుగా సారు అంటారు, వెనకాల రూల్స్ సారు అంటారు. నిద్రలో లేపి అడిగినా నిబంధన నంబరుతో సహా చెప్పే మనిషి. ఊరి సందుల్లో జరిగే స్ప్రింట్ పరుగుకి పాతపేటని ఎంచుకున్నారనీ, ఇవాళ్టి నుంచి పోటీ రోజు దాకా పరుగెత్తబోయే వాళ్ళెవరూ ఆ పేటలో కాలు పెట్టకూడదనీ ఆయన చెప్పాడు. అది ఆ ఆటలో ఎప్పుడూ ఉన్న పద్ధతే. మ్యాపు చేతికి ఇచ్చేది పరుగు మొదలయ్యాకే. ముందే వెళ్ళి సందులన్నీ చూసి వచ్చినవాడికి మ్యాపెందుకు, పోటీ ఎందుకు? ఎవరైనా ఒప్పుకునే న్యాయమే. కాకపోతే ఆ న్యాయం గీసిన గీతకి లోపల పెద్దమ్మ ఉంది.

పైగా రూల్స్ సారు ఇంకో మాట కూడా అన్నాడు. ఆ పేటలో పుట్టి పెరిగినందుకు నిన్ను తీసెయ్యరు, అది నిబంధనల్లోనే ఉంది, కానీ మిగతా దేశాల వాళ్ళు ఇప్పటికే నీ మీద గుర్రుగా ఉన్నారు, వంతెన మీద నువ్వు కనబడ్డావంటే చాలు పేరు కొట్టేస్తారు అని. అక్కడ ఏ గోడ పడగొట్టారో, ఏ సందు మూశారో ఎవరైనా చెప్పబోయినా వినకూడదట.

దాంతో ఆదివారాలు బస్టాండు క్యాంటీన్‌కి మారాయి. మోకాళ్ళు నొప్పులని మూలుగుతూ పెద్దమ్మే బస్సెక్కి నది దాటి వచ్చేది, చంకలో గుండీలు కుట్టాల్సిన చొక్కాల సంచితో. వచ్చి కూర్చోగానే మొదటి మాట ఎప్పుడూ ఒకటే.

"మా ఇంటికి రానని ఒట్టు పెట్టుకున్నావు. వీధిలో అందరూ అడుగుతున్నారు. నేనేం చెప్పుకోను?"

పోటీ సంగతి చెప్పు అనేది బొంగరం. చెప్పాను, పెద్దదైపోయింది లెమ్మని నవ్వుతున్నారు అనేది ఆవిడ. అక్కడితో ఆగితే బాగుండును. వెంటనే సందులో విశేషాలు మొదలుపెట్టేది. మన వెనకాల మెట్లున్నాయి చూడు, వాటికి ఏమయిందంటే అని ఆవిడ నోరు తెరవడం, బొంగరం రెండు చేతులతో చెవులు మూసుకోవడం, క్యాంటీన్లో ఉన్నవాళ్ళందరూ తలలు తిప్పి చూడటం. ముసలావిడ ఎంత ఘోరమైన మాట అనేసిందో అన్నట్టు ఉండేవి వాళ్ళ చూపులు. పెద్దమ్మ ఆ చూపులకి నొచ్చుకున్నట్టు కళ్ళు వత్తుకునేది. బొంగరానికి ఒళ్ళు మండిపోయేది.

ఒక ఆదివారం ఓపిక తెచ్చుకుని అసలు పోటీలో ఎన్ని రకాలో మొదటి నుంచీ చెప్పింది. ఎక్కడికక్కడ ఒక గుర్తుంటుంది, తెలుపూ నారింజా రంగుల్లో జెండా ఉంటుంది, మ్యాపు చూసి వరసగా ఆ గుర్తులన్నీ పట్టుకుంటూ పోవాలి, వేలికి పెట్టుకున్న పుల్లని అక్కడి పెట్టెకి ఆనిస్తే కూత పెడుతుంది, అంతే ఆట. లాంగ్ అంటే అడవిలో గంటకి పైగా పరుగు, ఏ కొండ చుట్టి పోవాలో ఏది ఎక్కి దిగాలో నువ్వే తేల్చుకోవాలి. మిడిల్ అంటే అడవే గానీ దూరం తక్కువ, అడుగడుక్కీ మ్యాపులోంచి తల ఎత్తకూడనంత చిక్కు. రిలే అంటే జట్టులో ఒకరి తర్వాత ఒకరు. స్ప్రింట్ అంటే ఊళ్ళో సందుల్లో, ఊపిరి తీసుకునే లోపల అయిపోతుంది. నాకౌట్ అని ఇంకొకటుంది, అందులో విడతకి కొందరు చొప్పున ఏరిపారేస్తారు.

పెద్దమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని అంతా విని, అయితే మొదటిది ఓవర్‌కోటు, రెండోది కాలరు కుట్టడం, మూడోది ఒకరు కత్తిరించి ఒకరు కుట్టి ఒకరు ఇస్త్రీ చేసే ఆర్డరు, నాలుగోది గిరాకీ కౌంటరు దగ్గర నిలబడి ఉండగానే ప్యాంటు మడిచి ఇవ్వడం అని తేల్చేసింది. అయిదోదానికి మాత్రం మొహం చిట్లించి, ఏరిపారెయ్యడమేమిటి పాడు బుద్ధి అంది. ఆవిడ చెప్పింది దాదాపు సరిగ్గానే ఉండటం బొంగరానికి ఇంకా చిరాకు తెప్పించింది. ఇంత అర్థమైన మనిషికి వంతెన దాటి రాకూడదన్న ఒక్క ముక్క ఎందుకు అర్థం కాదు?

బొంగరానికి మిగిలింది ఆ నాలుగోదే. అంతకుముందు ఏడాది మోకాలు మెలితిరిగింది. ఇక అడవి వద్దు, రాళ్ళూ గుంతలూ వద్దు అని డాక్టరు తెగేసి చెప్పాడు. చదునైన వీధుల్లో ఇంకొక్కసారి పరుగెత్తవచ్చు, ఆ తర్వాత అదీ కుదరదు. తమ దేశం నుంచి ఇంతవరకూ ఎవరూ ఏ పతకమూ తేలేదు. ఒక్క పతకం పట్టుకుని, అదీ తను పుట్టిన పేటలో, ఆటకి దణ్ణం పెట్టాలని బొంగరం కోరిక. ఆ కోరిక కోసమే తెల్లారకముందు లేచి పరుగెడుతోంది, దుకాణంలో నిలబడి అద్దాలు అరగదీస్తోంది, మళ్ళీ సాయంత్రం పరుగెడుతోంది. ఆదివారాలు క్యాంటీన్లో చెవులు మూసుకుంటోంది.

వేసవిలో కొన్ని ఆదివారాలు పెద్దమ్మ రాలేదు. బడి యూనిఫారాల ఆర్డరు మీద పడింది, తల ఎత్తడానికి లేదు అని ఫోన్లో చెప్పింది. ఈవిడకి నా మీద కంటే యూనిఫారాల మీద ప్రేమ ఎక్కువని బొంగరం మూతి ముడుచుకుంది. మళ్ళీ వచ్చినప్పుడు ఆవిడ ఎండలో కూడా శాలువా కప్పుకుని ఉంది. సంచీ ఇటు తోసి, ఇవాళ నువ్వే కుట్టు, నాకు బద్ధకంగా ఉంది అంది. తను ఒక్క గుండీ ముట్టుకోకుండా ఎడంచేత్తో టీ తాగుతూ కూర్చుంది. వారమంతా అద్దాలు అరగదీసి, కిలోమీటర్లు పరుగెత్తి వచ్చిన తన చేత ఇంత చాకిరీ ఏమిటని బొంగరం పళ్ళు నూరుకుంటూనే గుండీలన్నీ కుట్టింది.

పోటీకి ముందు ఆదివారం పెద్దమ్మ, మరి ఆ రోజైనా రావచ్చా అని అడిగింది. సరిగ్గా అప్పుడే రూల్స్ సారు నుంచి మెసేజీల వాన కురుస్తోంది. ఫోన్లోంచి తల ఎత్తకుండానే బొంగరం, ఆ రోజుతో నిషేధం అయిపోతుంది, మన వీధిలోంచే పరుగెడతానేమో కూడా అంది.

"అయితే తలుపు తీసి ఉంచనా?"

"ఊఁ, ఉంచు," అంది బొంగరం. పోటీ అయ్యాక వెళ్దామనే అనుకుని అంది. పెద్దమ్మ మొహం వెలిగిపోవడం ఆమె చూడలేదు.

పోటీ రోజు పరుగెత్తేవాళ్ళందరినీ ఒక బడి వ్యాయామశాలలో కూర్చోబెట్టి ఫోన్లు తీసేసుకున్నారు. ఒక్కొక్కరినే బయటికి పంపడం, బయటికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ లోపలికి రాకపోవడం, లోపలున్నవాళ్ళు నేల చూపులు చూస్తూ కాళ్ళు విదిలించుకోవడం. రూల్స్ సారు చెప్పిన జాగ్రత్తలే మళ్ళీ చెబుతుంటే బొంగరానికి ఆయన నోట్లో గుడ్డ కుక్కాలనిపించింది. మ్యాపులో ముదురు బూడిద రంగుంటే భవనం, దాంట్లోంచి వెళ్ళకూడదు. ఆకుపచ్చగా ఉంటే ఎవరిదో పెరడు, తొక్కకూడదు. మందపాటి నల్లగీతంటే గోడ, మోకాలెత్తు ఉన్నా దాటకూడదు. నిజంలో దారి ఉన్నా సరే మ్యాపులో లేకపోతే లేనట్టే. ఇవన్నీ ఆమెకి కొత్తా?

ఆమె వంతు వచ్చింది. మ్యాపు అందుకుని బొటనవేలు తనున్న చోట ఆనించి పరుగు తీసింది. రెండేళ్ళ తర్వాత చూస్తున్న తన పేట. అటూ ఇటూ చూసి మురిసిపోవడానికి వీల్లేదు. రొట్టెల దుకాణం, నీళ్ళ పంపు, రంగు మారిన పోస్టాఫీసు అన్నీ పక్కనుంచి జారిపోతున్నాయి. గుర్తు తర్వాత గుర్తు, కూత తర్వాత కూత. కాలు తేలిగ్గా పడుతోంది.

తర్వాతి గుర్తు ఎక్కడో మ్యాపులో చూసింది. ఎర్ర సున్నా సరిగ్గా పెద్దమ్మ కొట్టు వెనక సందులో ఉంది. మ్యాపులో ఆ వరస ఇళ్ళన్నీ కలిపి ఒకే ముదురు బూడిద ముద్ద. దాన్ని చుట్టి వెళ్ళడానికి రెండు దారులు. ఎడమకి వెళితే సంతమండపం మీదుగా చదునే గానీ చాలా చుట్టు. కుడికి వెళితే కొట్టు ముందునుంచి వీధి చివరిదాకా పోయి, నిటారు మెట్లు దిగి, వెనక సందులోకి తిరగాలి. మ్యాపులో లేని మూడో దారి ఒకటుంది. కొట్టుకి ముందు ఒక తలుపు, వెనక ఒక తలుపు. చిన్నప్పుడు వీధి పిల్లలందరూ ఆ తలుపులో దూరి ఈ తలుపులోంచి తేలేవాళ్ళు, పెద్దమ్మ వాళ్ళ మీదికి కొలత టేపు విసిరేది.

బొంగరం కుడికి తిరిగింది. పోటీ కోసం ఆ వీధిలోకి జనాన్ని రానివ్వలేదు. కిటికీలు కూడా మూసే ఉన్నాయి. తెరిచి ఉన్నది ఒక్క పెద్దమ్మ కొట్టే. ముందు తలుపు బార్లా తెరిచి ఉంది. వెనక తలుపూ తెరిచే ఉందని అవతలి వెలుగు చెబుతోంది. మధ్యలో ఎప్పుడూ అడ్డంగా ఉండే కట్టింగు బల్ల లేదు. ఈ గుమ్మం నుంచి ఆ గుమ్మందాకా శుభ్రంగా ఊడ్చిన దారి. దారి మొదట్లో దాచుకున్న మంచి బట్టలు కట్టుకుని పెద్దమ్మ నిలబడి ఉంది.

"రావే బొంగరం, ఇటు రా. తీసే ఉంచాను."

బొంగరానికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆగడానికి లేదు, చెప్పడానికి లేదు, తల తిప్పి చూడటానికి కూడా లేదు. చూసిందా, ఎవరైనా ఏమైనా అనవచ్చు. మ్యాపులో మొహం పెట్టుకుని ఆ గుమ్మం ముందునుంచి పరాయిదానిలా దూసుకుపోయింది. "అదేమిటే, ఇంటి ముందునుంచే పోతున్నావ్," అన్న గొంతు వీపుకి తగిలింది.

ఆ మెట్ల మీద ఆమెకి మ్యాపు అక్కర్లేదు. ఏ మెట్టు అరిగిందో పాదాలకే తెలుసు. ఒక ఊపులో దిగి సందులోకి తిరిగింది. కొట్టు వెనక నీళ్ళ గొట్టం పక్కనే ఉంది జెండా. దాని పక్కనే, కొట్టులోంచి నడిచి వచ్చిన పెద్దమ్మ, ఎడంచేతిలో గ్లాసుతో నిలబడి ఉంది. మంచినీళ్ళైనా తాగి వెళ్ళు అంటోంది. దారిలో బయటివాళ్ళు ఏదిచ్చినా పుచ్చుకోకూడదు. బొంగరం పెట్టెకి వేలు ఆనించి, కూత వినబడగానే మాయమైంది.

మిగతా పరుగంతా కోపంతోనే పరుగెత్తింది. రెండేళ్ళు నెత్తీ నోరూ బాదుకుని చెప్పాను, ఒక్క ముక్క బుర్రకెక్కలేదు అనుకుంటూ మలుపులు తిరిగింది, అదే అనుకుంటూ గీత దాటింది. దాటాక బోర్డు చూస్తే మూడో స్థానం. చివరి మనిషి వచ్చేదాకా కూడా మూడో స్థానమే. రూల్స్ సారు ఆమె చేతిలోని నీళ్ళ సీసా లాక్కుని తనే తాగేశాడు.

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. నాలుగో స్థానం వచ్చిన అమ్మాయి కోచ్ అభ్యంతరం పెట్టాడు.

విచారణకి ఒక తరగతి గది ఇచ్చారు. న్యాయనిర్ణేతలు పిల్లల బెంచీల మీద మోకాళ్ళు మడుచుకుని కూర్చున్నారు. వాళ్ళకి పెద్ద, జుట్టు నెరిసిన ఒకావిడ, ఏ దేశమో గానీ ముక్కుసూటి మనిషిలా ఉంది. పరుగెత్తేవాళ్ళ వీపుకి కట్టిన చిన్న యంత్రం వాళ్ళు ఎటు వెళ్ళారో గీత గీసి చూపిస్తుంది. తెర మీద బొంగరం గీత వీధిలోంచి వచ్చి, వంకరపోయి, నేరుగా పెద్దమ్మ కొట్టు లోంచి అవతలికి తేలింది. ఇరుకు సందుల్లో ఆ యంత్రం తప్పులు చూపిస్తుందని రూల్స్ సారు వాదించాడు. మిగతావాళ్ళ గీతలు ఇళ్ళ కప్పుల మీదుగా పోతున్నాయి చూడండి అన్నాడు. చూశాం, వాళ్ళెవరికీ ఆ ఇళ్ళల్లో పెద్దమ్మలు లేరు అన్నాడు అవతలి కోచ్. ఆ ఇంట్లోనే పెరిగింది, రెండు తలుపులూ తీసే ఉన్నాయి, ఆ ఒక్క గుర్తుకి అందరికంటే తొందరగా చేరింది, ఇంకేం కావాలి?

కాదనడానికి బొంగరం దగ్గర మాటలే తప్ప ఏమీ లేవు. వీధిలో జనం లేరు, దారి కాసే మనిషి లేడు. పతకం ఇలా చేతిలోకి వచ్చి అలా జారిపోతోంది. చూసినవాళ్ళెవరైనా ఉన్నారా అని జుట్టు నెరిసిన ఆవిడ అడిగింది. ఉన్నది ఒక్కరే. రూల్స్ సారు ఆవిణ్ణి పిలుచుకు రావడానికి వెళుతూ, కొంప మునిగిందన్నట్టు బొంగరం వైపు చూశాడు.

బొంగరం భయం వేరే. పెద్దమ్మ అబద్ధం చెబుతుందని కాదు. బొంగరం వస్తోందని ఆవిడ వీధిలో అందరికీ టాంటాం వేసి ఉంటుంది. ఇప్పుడు నలుగురిలో మీ ఇంటికి వచ్చిందా అని అడిగితే, పరువు కోసం, రాకేం, వచ్చింది అనేస్తే? రెండేళ్ళుగా ఆవిడ కోరుకున్న మాట అదొక్కటే.

పెద్దమ్మ చిరాగ్గా వచ్చింది. తలుపులు రెండూ తీసి ఉన్నాయి, కొట్టులో ఎవరూ లేరు, ఎంతసేపు అని అడుగుతూనే కూర్చుంది. మాట్లాడకూడదని బొంగరానికి ముందే చెప్పారు. నిర్వాహకుల కుర్రాడొకడు మధ్యలో నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేస్తున్నాడు. ఇవాళ ఈమె మీ కొట్టులోకి వచ్చిందా అని జుట్టు నెరిసిన ఆవిడ ప్రశ్న.

పెద్దమ్మ బొంగరం వైపు తిరిగి, తల నుంచి కాళ్ళదాకా ఒకసారి చూసింది.

"రావడమా? ఇదా? గొంతు చించుకుని పిలిచానండీ. బల్ల జరిపాను, ఊడ్చాను, దీనికి దారి చేసి పెట్టాను. నా మొహం కూడా చూడకుండా పోయింది. వెనక తలుపు దగ్గర మంచినీళ్ళిస్తే ముట్టుకోలేదు. వీధిలో వాళ్ళకి నేను మొహం ఎలా చూపించాలో మీరే చెప్పండి."

కుర్రాడు కాసేపు ఆలోచించి, రాలేదంటున్నారు అని చెప్పాడు.

రానప్పుడు తలుపులెందుకు తీశారని అవతలి కోచ్ అడిగాడు. వస్తానన్న మనిషికి తలుపు తీసి ఉంచరా మీ ఊళ్ళో అని పెద్దమ్మ ఎదురడిగింది. ఇవాళ్టి నుంచి రావచ్చని అదే చెప్పింది, ఉంచమని అదే అంది. ఆయన వదల్లేదు. సొంత మనిషి సొంత మనిషికి సాక్ష్యమా, ఈ రెండేళ్ళలో చాటుగా ఎన్నిసార్లు వచ్చి చూసుకుపోయిందో ఎవరికి తెలుసు అన్నాడు. కుర్రాడు ఆ మాట చేరవెయ్యగానే పెద్దమ్మ లేచి నిలబడింది. శాలువా పక్కకి తోసి కుడిచెయ్యి బల్ల మీద పెట్టింది. మణికట్టు దగ్గర ఎముక అతుక్కున్న చోట చెయ్యి వంకరగా ఉంది.

"వేసవిలో స్టూలు మీంచి పడ్డాను. చెయ్యి విరిగి, సాయంత్రం దాకా కొట్టులో నేల మీదే ఉన్నాను. అప్పుడు కూడా ఇది రాలేదు. చాటుగా వస్తుందా?"

బొంగరం మాట్లాడకూడదన్న సంగతి మర్చిపోయింది. "ఎప్పుడు?" అంది. ఎవరూ ఆమెని వారించలేదు. యూనిఫారాలు, శాలువా, ఎడంచేత్తో టీ, ఇవాళ నువ్వే కుట్టు అన్న మాట. అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి మీద పడ్డాయి. క్యాంటీన్లో తను పళ్ళు నూరుకుంటూ కుట్టిన గుండీలు గుర్తొచ్చి ఆమె సిగ్గుతో చచ్చిపోయింది.

చెయ్యి విరిగినా రాలేదా అని జుట్టు నెరిసిన ఆవిడ నెమ్మదిగా అడిగింది.

"దానికి తెలిస్తే కదండీ. నేనే చెప్పలేదు. చెబితే పరుగెత్తుకొచ్చేస్తుంది, వస్తే పేరు కొట్టేస్తారట. ప్రతి ఆదివారం ఇదే గోల, చెవిలో జోరీగలా. నాకేమన్నా చెవుడా? రాకూడదని నాకూ తెలుసు. రాలేదని తిట్టుకోవడం మాత్రం నా ఇష్టం."

ఈసారి కుర్రాడు ఒక్క మాటతో సరిపెట్టలేదు. ఆవిడ అన్నదంతా, జోరీగతో సహా, పూసగుచ్చినట్టు చెప్పాడు. అవతలి కోచ్ ఆ వంకర మణికట్టు వైపు చూసి, తర్వాత తెర మీది గీత వైపు చూసి, కంప్యూటరు మూత మూసేశాడు. న్యాయనిర్ణేతలకి ఎంతోసేపు పట్టలేదు. యంత్రం గీసిన గీత ఒక్కటీ చాలదు, అభ్యంతరం కొట్టివేస్తున్నాం, మూడో స్థానం మూడో స్థానమే అన్నారు. రూల్స్ సారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

పతకాలు ఇచ్చేశాక ఇద్దరూ పాతపేటలోకి నడిచారు. దారి పొడుగునా బొంగరం పోట్లాడుతూనే ఉంది. చెయ్యి విరిగితే చెప్పరా, ఎవరు ఆస్పత్రికి తీసుకెళ్ళారు, ఎవరు వండిపెట్టారు, పోటీ పోతే పోతుంది, ఏం మునిగిపోతుంది అని. రొట్టెల దుకాణం వాడికి, పోస్టాఫీసు గుమాస్తాకి, కిటికీలోంచి తొంగిచూసిన ప్రతివాళ్ళకీ, వచ్చిందండీ, మా బొంగరం అని చెప్పుకోవడంతోనే పెద్దమ్మకి సరిపోయింది.

కొట్టు తలుపులు రెండూ పొద్దున్న తీసినవి తీసినట్టే ఉన్నాయి. గాలికి గుడ్డముక్కలు కొన్ని గుమ్మంలోకి కొట్టుకొచ్చాయి. బొంగరం గుమ్మంలో ఒక క్షణం ఆగి, లోపలికి అడుగుపెట్టి, ఊడ్చిన దారిలో నెమ్మదిగా ఆ చివరిదాకా నడిచింది. ఇవాళ పొద్దున్న కళ్ళెత్తి చూడనివన్నీ చూసింది. బట్టల తానులు మెట్ల కింద పేర్చి ఉన్నాయి. కుట్టుమిషను మూలకి చేరింది. కట్టింగు బల్ల గోడకి ఆనుకుని ఉంది, కొట్టు మధ్యనుంచి అక్కడిదాకా నేల మీద దాని కాళ్ళ గీతలు పడి ఉన్నాయి. పాత చెక్కతో చేసిన బరువైన బల్ల అది. దాన్ని కొట్టులోకి తెచ్చిన రోజున మొయ్యలేక కూలీలు బూతులు తిట్టడం బొంగరానికి గుర్తు.

ఈ చేత్తో దీన్ని ఎలా జరిపావని అడిగింది.

"జరిపాను లే. ముందు దాని చోట దాన్ని పెట్టాలి, రేపు ఆర్డర్లున్నాయి," అంది పెద్దమ్మ, ముందు తలుపు మూస్తూ.

బొంగరం పతకం మెడలోంచి తీసి మిషను మీద పెట్టింది. బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని, బలమంతా పెట్టి లాగింది. బల్ల కదల్లేదు. మళ్ళీ లాగింది. కళ్ళలో నీళ్ళు తిరిగి అంచు మసకగా కనిపిస్తోంది, అయినా చెయ్యి వదల్లేదు.

"చేతులతో కాదే," అంటూ పెద్దమ్మ వచ్చి పక్కన నిలబడింది. "ఇటు తిరిగి నడుం ఆనించి తొయ్యాలి. పొద్దున్నంతా నేను చేసిందదే."